ఏం వింటున్నారండీ?

బెజవాడ సత్యనారాయణపురంలో ఒకప్పుడు కొందరు పెద్దమనుషులు ఉండేవారు. వీధిలో ఎదురుపడితే ఆరోగ్యం, ఎండలు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ తర్వాత. ముందు అడిగేది ఒకటే: "ఏం వింటున్నారండీ?"

జవాబులూ అందుకు తగ్గట్టే ఉండేవి. "వారం నుంచీ మదురై మణి అయ్యర్ కాంభోజిలోనే ఉన్నానండీ, బయటికి రాబుద్ధి కావడం లేదు" అని ఒకరు. "ద్వారం వారి ఫిడేలు ప్లేటొకటి చేతికొచ్చింది, సాయంత్రం కాఫీ వేళకి వచ్చెయ్యండి" అని ఇంకొకరు. "ఏముంది మాస్టారూ, మా మిషను హెడ్డు పోయింది. పదిరోజులుగా ఇంట్లో మైల పట్టినట్టుంది" అని మూడో ఆయన.

వీళ్లలో విద్వాంసులెవరూ లేరు. ఒకాయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఒకాయన రైల్వే గార్డు. ఒకాయన హోమియో డాక్టరు. మా పెదనాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. నలుగురూ కూనిరాగం తీస్తే ఒక్కరికీ శ్రుతి నిలిచేది కాదు. కానీ పాడేవాడి శ్రుతి వెంట్రుకవాసి జారితే నాలుగు మొహాలూ ఒకేసారి ముడుచుకునేవి. వినడం ఒక విద్య అనీ, అది ఒంటరిగా వచ్చేది కాదనీ నేను వాళ్ల దగ్గరే చూశాను.

ఆ ప్రశ్నకి అంత విలువ ఎందుకంటే, వినడానికి సరుకు దొరికేది కాదు. ఇప్పుడు ఎవరి కచేరీ కావాలన్నా ఫోన్లో పేరు కొడితే చాలు. అప్పట్లో ఒక మంచి తోడి వినాలంటే అది ఎవరింట్లో ఉందో తెలియాలి, వాళ్లతో మాట ఉండాలి, వాళ్ల మిషను పనిచెయ్యాలి, ఆ పూట కరెంటు ఉండాలి. కాబట్టి పక్కవాడు ఏం వింటున్నాడో కనుక్కోవడం కుశలప్రశ్నా అయ్యేది, వేటా అయ్యేది.

నేను పుట్టకముందు రాజ్యమంతా గ్రామఫోను ప్లేట్లదే. పెదనాన్న పెట్టెలో అవి ఒక దొంతర ఉండేవి. లక్కతో చేసినవి, నిమిషానికి 78 చుట్లు, పక్కకి మూడు మూడున్నర నిమిషాలు. కిందపడితే పెంకులే. కీ ఇచ్చి, ప్రతి పాటకీ కొత్త ముల్లు మార్చి, కుక్కబొమ్మ తిరుగుతుంటే చూస్తూ కూర్చోవాలి. అంత కొద్ది వ్యవధిలో పల్లవి, అనుపల్లవి, చరణం, రెండావర్తాల స్వరం ఇమడ్చాలి కనుక మహామహులు కూడా రైలుకి టైమైనట్టు పాడేవారని హెడ్మాస్టారు నవ్వేవారు. టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరం మీద తోడి వాయించిన ప్లేటు పక్క అయిపోగానే, రాగం మధ్యలో లేచి తిప్పి వెయ్యాల్సి వచ్చేది. ఆ తిప్పే పని ఎప్పుడూ ఇంట్లో చిన్నవాడిది. దాంతో వాడికి తెలియకుండానే తోడి వచ్చేసేది.

ఆంధ్రదేశంలో ఆ ప్లేట్ల పెట్టెల్లో కర్ణాటక సంగీతం కంటే నాటక పద్యాలే ఎక్కువ. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలకి అతుక్కుపోయిన మనుషులు ద్వారం వెంకటస్వామినాయుడి ఫిడేలు దగ్గరికి రావడం ప్లేట్ల మార్పిడి వల్లనే. నా దగ్గర ఉన్న పద్యం నీకు, నీ దగ్గర ఉన్న రాగం నాకు. బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావుగారు వేల సంఖ్యలో 78 ప్లేట్లు కూడబెట్టి, వాటి చరిత్ర రాస్తూ, పదిమందికీ వినిపిస్తూ ఉండడం సంగీతలోకానికంతా తెలిసిన సంగతే. మా వీధివాళ్లది అంత స్తోమతు కాదు. ఒక్కొక్కరి దగ్గర ఇరవయ్యో ముప్పయ్యో. అన్నీ కలిపితే వీధికొక గ్రంథాలయం.

అసలు మా ఊరికి చెవులు పెట్టింది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. తరవాతి దశాబ్దాల్లో ఆ కేంద్రంలో పనిచేసినవాళ్ల పేర్లు చెబితే ఒక సంగీత సభ జాబితా చదివినట్టుంటుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, ఫిడేలు మీద అన్నవరపు రామస్వామి, మృదంగం మీద దండమూడి రామమోహనరావు. మద్రాసు వాళ్లు డిసెంబరు కచేరీల కోసం ఎదురుచూసేవారేమో కానీ, మాకు ఆ గొంతులు పొద్దున్నే భక్తిరంజనిలో పళ్లు తోముకుంటుండగా వినిపించేవి. రేడియోకి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. 837 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు నిలబెట్టి, దాన్ని పిల్లలెవరూ కదపకుండా పెదనాన్న ఆ తిప్పుడు బిళ్లకి కాగితం ముక్క అంటించారు.

ఆకాశవాణి 'వాణి' పత్రిక రాగానే హెడ్మాస్టారు ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చునేవారు. ఏ తేదీన ఎవరి కచేరీ, ఎంతసేపు, పక్కవాద్యం ఎవరు. ఆ గుర్తులన్నీ సాయంత్రానికి నాలుగిళ్లకీ చేరేవి. 1952లో మొదలైన జాతీయ సంగీత కార్యక్రమం శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి. ఒక వారం హిందుస్తానీ వస్తే, ఒక వారం కర్ణాటకం. ఆ రాత్రి ఎవరింటికీ భోజనానికి పిలవకూడదని మా వీధిలో అందరికీ తెలుసు.

మా దొడ్డమ్మ సంగతి వేరు. మగవాళ్లు రాగాల మీద వాదించుకుంటుంటే, ఆవిడ రేడియోలో సంగీత శిక్షణ కార్యక్రమం పెట్టుకుని నోటుపుస్తకంలో సాహిత్యం రాసుకుంటూ నేర్చుకునేది. బాలమురళిగారో వోలేటిగారో ఒక్కో పంక్తీ చెప్పి, అవతల శిష్యులు అంటుంటే, ఇవతల ఆవిడా అనేది. మధ్యలో పాలవాడు వచ్చి ఒక పంక్తి పోతే, గోడ మీంచి పక్కింటావిణ్ని అడిగేది: "వదినా, చరణంలో రెండోది రాసుకున్నావా?" ఒక్క రేడియో పాఠం మా వీధిలో నాలుగు నోటుపుస్తకాల్లో పూర్తయ్యేది. వీధిలో నిజంగా సంగీతం వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఆ నోటుపుస్తకాల వాళ్లే. ఆ మాట నలుగురు పెద్దమనుషులూ ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

టేపు వచ్చాక కథ మారింది. మొదట వచ్చినవి స్పూలు మిషన్లు. సూట్‌కేసంత బరువు, అన్నం పళ్లెమంత చక్రాలు. మా వీధిలో హెడ్మాస్టారికి ఒకటి ఉండేది. శ్రీరామనవమి పందిట్లో కచేరీ అంటే దాన్ని రిక్షాలో వేసుకుని బయల్దేరేవారు. మైకుసెట్టు అబ్బాయికి టీ ఇప్పించి, ఆంప్లిఫయరు వెనకనుంచి ఒక తీగ లాక్కుంటే పాట శుభ్రంగా వచ్చేది. అబ్బాయి కుదరదంటే మైకు చేత్తో పట్టుకుని జనంలో కూర్చోవాలి. అప్పుడు పాటతోపాటు పక్కనున్న పెద్దాయన దగ్గూ, వేరుశెనక్కాయల పొట్లం చప్పుడూ శాశ్వతంగా నిలిచిపోయేవి.

తర్వాత క్యాసెట్లు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టూ-ఇన్-వన్‌లు తెచ్చారు, అందులో రేడియో, టేపూ ఒకే డొక్కలో. సంగీతాభిమానికి అంతకంటే వరం లేదు. రేడియోలో వచ్చింది నేరుగా టేపులోకి దిగేది. కానీ పెదనాన్న దగ్గర ఉన్నది వట్టి క్యాసెట్ రికార్డరు. రేడియో ముందు పీట వేసి, దాని మీద రికార్డరు పెట్టి, ఇంటిల్లిపాదినీ నోరుమూసుకోమని సైగ చేసేవారు. ఒక ఆదివారం పొద్దున్న వోలేటివారి మోహనం అలా ఎక్కిస్తుండగా, స్వరకల్పన మంచి పట్టులో ఉన్నప్పుడు, వంటింట్లో పప్పు కుక్కరు మూడు కూతలు వేసింది. మూడూ టేపులో పడ్డాయి. పెదనాన్న మొహం చూసి దొడ్డమ్మ ఒకటే మాట అంది: "కూత కూడా షడ్జంలోనే ఉంది లెండి." ఆ తర్వాత రేడియో కచేరీ అయ్యేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

జాతీయ కార్యక్రమం గంటన్నర, సి-90 క్యాసెట్టు కూడా గంటన్నర. లెక్క సరిపోయిందనుకుంటాం కానీ సరిపోదు. నలభై అయిదు నిమిషాలకి టేపు తిప్పాలి. ఆ తిప్పడంలో కొన్ని క్షణాలు పోతాయి. ఎక్కడ పోవాలన్నదే నేర్పు. హెడ్మాస్టారు గడియారం చూసుకుంటూ, గాయకుడు ఆలాపన ముగించి ఫిడేలుకి వదిలే సందు కోసం కాచుకునేవారు. "ఫిడేలాయనకి అన్యాయం చేస్తున్నారండీ" అని డాక్టరుగారు కోప్పడేవారు. అందుకే ఒకే కచేరీని ఇద్దరు, అయిదేసి నిమిషాల తేడాతో మొదలుపెట్టి ఎక్కించే పద్ధతి వచ్చింది. ఒకరి దగ్గర తెగిన చోట ఇంకొకరి దగ్గర ఉంటుంది. రెండూ కలిపితే కచేరీ పూర్తి.

పెట్టెలోని అట్టముక్క మీద రాత ఒక శాస్త్రం. నీలం సిరాతో గాయకుడి పేరు, కింద రాగాలు వరసగా, ఫిడేలు, మృదంగం, తేదీ, రేడియోనా పందిరా అన్నది. చివర చిన్న అక్షరాల్లో "గార్డుగారి టేపు నుంచి" అనో, "డాక్టరుగారి స్పూలు నుంచి, రెండో కాపీ" అనో. పొలం దస్తావేజులో గట్టు వివరాలు కూడా అంత జాగ్రత్తగా రాసేవారు కారు. కాపీకి కాపీ తీసినకొద్దీ బుసబుస పెరుగుతుంది, మిషను మిషనుకీ వేగం మారుతుంది. ఒకటిన్నర శ్రుతి గాయకుడు మూడో కాపీకి వచ్చేసరికి రెండు శ్రుతి దాటిపోయేవాడు. డాక్టరుగారు శ్రుతిపెట్టె తిత్తి ఊపుతూ కూర్చుని, "ఈయన గొంతు ఇంత సన్నం కాదు, మీ మిషను పరిగెడుతోంది" అని తేల్చేవారు. అందుకే టేపు ఏ ఇంటి నుంచి వచ్చిందో రాయడం మర్యాద మాత్రమే కాదు, అవసరం.

ఊళ్ల మధ్య రవాణా గార్డుగారిది. ఆయన డ్యూటీ ఒకవైపు గూడూరు దాకా, ఇంకోవైపు విశాఖపట్నం దిక్కు. గూడూరులో మద్రాసు వెళ్లే గార్డుకి ఒక పొట్లం, అక్కణ్నుంచి వచ్చిన పొట్లం ఇటు. మద్రాసు సభలో డిసెంబరులో పాడిన కచేరీ సంక్రాంతికల్లా మా వసారాలో వినిపించేది. దాని వెనక పదిహేను పైసల కార్డు నడిచేది. క్షేమసమాచారం ఒక్క వాక్యం, మిగతా కార్డంతా రాగాలు. చిరునామా పక్క ఖాళీలో కూడా "నీ దగ్గర రామ్‌నాడ్ కృష్ణన్ ఉంటే పంపు, నా దగ్గర ఎం.డి. రామనాథన్ రెండున్నాయి" అని ఇరికించేవారు.

ఆదివారం మధ్యాహ్నాలు హెడ్మాస్టారి వసారాలో కూడిక. చాపలు, మంచినీళ్ల కూజా, మిషను. టేపు తెచ్చినవాళ్లు పేరు చెప్పకూడదన్నది నియమం. ముందు వినాలి, తర్వాత చెప్పాలి. ఒకసారి ఒక టేపు మీద ఆ రాగం దర్బారా, నాయకియా అని రెండు వారాలు మాటలు నడిచాయి. పెదనాన్న దర్బారన్నారు, డాక్టరుగారు నాయకి అన్నారు. చివరికి హెడ్మాస్టారు ఒక విద్వాంసుడికి కార్డు రాశారు. ఆయన జవాబు: "టేపు వినకుండా చెప్పలేను. కాపీ పంపండి. పంపేటప్పుడు రెండోవైపు ఖాళీగా ఉంచకండి." మావాళ్లు ఖాళీగా ఉంచలేదు. ఆయన రాగం సంగతి తేల్చారో లేదో కానీ, ఆ రోజు నుంచి బృందంలో అయిదో మనిషి అయ్యారు.

రాయని కట్టుబాట్లు కొన్ని ఉండేవి. టేపు అమ్మకూడదు. అమ్మినవాణ్ని మళ్లీ గడప ఎక్కనిచ్చేవారు కారు. అరువు తెచ్చుకున్న టేపు నెలలోపు ఇచ్చెయ్యాలి, ఖాళీ క్యాసెట్టొకటి తోడుగా. పాడేవాళ్లు రికార్డు చెయ్యవద్దంటే మిషను మూత పెట్టెయ్యాలి. ఈ చివరి కట్టుబాటు ఎప్పుడూ నిలిచిందని చెప్పను. కళాకారులకి దక్కాల్సిన డబ్బు ఇలాంటి టేపుల వల్ల దక్కలేదన్న ఫిర్యాదులో నిజం ఉంది. అందుకే బజార్లో దొరికే క్యాసెట్టుని కాపీ చెయ్యడాన్ని హెడ్మాస్టారు ఒప్పుకునేవారు కారు. "అది కొనుక్కో. కొనడానికి దొరకనిదే అడుగు" అనేవారు.

కొనడానికి దొరకనివాళ్లలో మొదటి పేరు వోలేటి వెంకటేశ్వర్లు. శ్రీపాద పినాకపాణిగారి దగ్గర నేర్చుకున్నవారు. హిందుస్తానీ విద్వాంసుడు బడే గులాం అలీ ఖాన్ సంగీతమంటే ప్రాణం పెట్టేవారు. ఆ మక్కువ వోలేటివారి గమకంలో వినిపించేది. రాగాన్ని ఆయన తొందరపడి తేల్చేవారు కారు. సంగతి మీద సంగతి పేరుస్తూ, ఇక అయిపోయిందనుకున్న చోట ఇంకో తలుపు తెరిచేవారు. అంతటివారి పాట కంపెనీ రికార్డుగా బజార్లోకి వచ్చింది బహు తక్కువ. ఆయన పాడిందంతా దాదాపు రేడియోలోనే. టేపుల కొరత వల్ల దేశంలో చాలా రేడియో కేంద్రాల్లో పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కించడం అప్పట్లో మామూలు. 1989లో ఆయన పోయాక, ఆ పాట నిలిచింది కొంత ఆకాశవాణి భాండాగారంలో, చాలావరకు ఇలాంటి వసారాల్లో, పీటల మీద పెట్టిన రికార్డర్లలో.

ఆ కాలం ఎప్పుడు ముగిసిందంటే ఫలానా రోజని చెప్పలేం. కంపెనీల క్యాసెట్లు విరివిగా వచ్చాయి, తర్వాత సీడీలు, తర్వాత ఒక్క సీడీలోనే అనేక కచేరీలు. ఇచ్చిపుచ్చుకోవాల్సిన అవసరం తగ్గింది. పెంకుటిళ్లు అపార్టుమెంట్లయ్యాయి, వసారాలు పోయాయి. గార్డుగారు రిటైరై కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. హెడ్మాస్టారు పోయారు. పెదనాన్న చివరి రోజుల్లో, "ఏం వింటున్నావురా?" అని నన్ను అడిగితే, "అన్నీ ఉన్నాయి పెదనాన్నా" అన్నాను. "అన్నీ ఉండడం సరే, ఏం వింటున్నావు?" అన్నారు ఆయన.

ఆయన పోయాక ట్రంకుపెట్టె తెరిచాం. కృష్ణ ఒడ్డు ఊరు, గాలిలో చెమ్మ. సగానికి పైగా క్యాసెట్లలో టేపు అంచుల మీద తెల్లటి బూజు. కొన్ని చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వోలేటివారి మోహనం టేపు మిషనులో పెట్టగానే నలిగి ముక్కలైంది. ఇక ఆ పాట లేదనే అనుకున్నాం. కొన్నేళ్లకి హెడ్మాస్టారి మనవడు డల్లాస్ నుంచి ఒక ఫైలు పంపించాడు, ఎవరో ఇచ్చారట, బాగుంది వినమని. మోహనం. స్వరకల్పన మధ్యలో మూడు కూతలు. కనుక్కుంటే, గార్డుగారు తీసుకున్న కాపీ నుంచి విశాఖలో ఒక లెక్చరరు ఎక్కించుకున్నారు, ఆయన కొడుకు అమెరికా వెళ్తూ పెట్టెలో వేసుకెళ్లాడు, అక్కడ ఎవరో కంప్యూటర్లోకి దింపారు. మా ఇంట్లో దాచుకున్నది చచ్చింది, ఇచ్చేసినది బతికింది.

ఇందుకు పూర్తి విరుద్ధమైనది కూడా చూశాను. గాంధీనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర ఇనప బీరువా నిండా స్పూళ్లు ఉండేవి. పాత పందిరి కచేరీలు, మరెక్కడా లేనివి. ఎంతమంది అడిగినా, "పాడైపోతాయండీ" అని ఎవరికీ ఇవ్వలేదు, వినిపించనూ లేదు. ఆయన తదనంతరం ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ స్పూళ్లు పాతసామాన్ల బండి మీద కిలోల లెక్కన వెళ్లిపోయాయి. వాటిలో ఏముందో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగల్లేదు.

ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరను. ఒక కచేరీ కోసం నెలల తరబడి కాచుకోవడంలో గొప్పేమీ లేదు. ఈనాటి కుర్రవాడికి దొరికే సంగీతంలో పదోవంతు దొరికినా మా హెడ్మాస్టారు పొంగిపోయేవారు. పోయిందల్లా రెండో మనిషి. విన్నదాన్ని ఇంకొకరితో పంచుకుని, వాళ్లతో విభేదించి, మళ్లీ విని, అప్పుడు గానీ ఆ పాట మనదయ్యేది కాదు. ఒంటరి చెవికి సంగీతం ఎంత దొరికినా అది సరుకుగానే ఉండిపోతుంది.

కాబట్టి ఈ వ్యాసం చదివినవారికి ఒక మనవి. మీ అటక మీద తాతగారి క్యాసెట్లో, స్పూళ్లో ఉంటే ఈ వేసవి దాటనివ్వకండి. బూజు పట్టినదాన్ని వెంటనే మిషనులో పెట్టకండి, తెలిసినవారి చేత శుభ్రం చేయించండి. బాగున్నదాన్ని ఒకసారి నెమ్మదిగా మొదలు నుంచి చివరిదాకా నడిపి, అప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించండి. దగ్గులూ, కూతలూ తీసెయ్యకుండా ఉన్నదున్నట్టే ఒక ప్రతి ఉంచండి. అట్టముక్క మీద రాసింది అక్షరం పోకుండా రాసిపెట్టండి, ఎవరి టేపు నుంచి వచ్చిందో కూడా. ఆ పైన రెండు ప్రతులు రెండు వేరువేరు ఊళ్లలో ఉన్న ఇద్దరికి, వీలైతే ఒకటి సంగీత కళాశాలకి ఇవ్వండి. టేపు ఆయుష్షు తక్కువ, అది నడిపే మిషన్లు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ముందు ఇచ్చెయ్యండి, దాచుకోవడం తర్వాత చూసుకోవచ్చు.